గూగుల్‌లో దొరికే నంబర్లతో కెరీర్ ఎలా అవుతుంది?

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెటీరియల్స్ సబ్జెక్టు అంటే మొదట్లో ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు డెన్సిటీ, యంగ్స్ మాడ్యులస్, థర్మల్ కండక్టివిటీ అంటూ టేబుళ్ల మీద టేబుళ్లు బట్టీ పట్టిస్తున్నారు. ఇవన్నీ గూగుల్ చేస్తే క్షణంలో దొరికే నంబర్లే కదా, వీటిని నమ్ముకుని కెరీర్ ఏముంటుంది? ఫ్రెండ్సంతా కోడింగ్ వైపు వెళ్తున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నువ్వన్నదాంట్లో సగం నిజమే. నంబర్లు గూగుల్‌లో దొరుకుతాయి, దొరికే వాటికి ఎవరూ జీతమివ్వరు. టేబుల్ బట్టీ పట్టమన్నవాళ్ల మీద నాకూ కోపమే. కానీ ముందున్న పనికి అందులో ఏ నంబరు చూడాలి, ఏ రెండింటిని కలిపి చూడాలి అన్నది గూగుల్ చెప్పదు. చెప్పినా, అది సరైనదో కాదో తేల్చుకోవాల్సింది నువ్వే.

ఒక చిన్న లెక్క చెయ్యి. స్టీల్ యంగ్స్ మాడ్యులస్ (లాగినప్పుడు సాగకుండా ఎంత గట్టిగా ఎదిరిస్తుందో చెప్పే కొలత) దాదాపు 200 గిగాపాస్కల్స్, టైటానియంది 115 చుట్టుపక్కల, అల్యూమినియంది 70. డెన్సిటీలు అదే వరసలో ఘన సెంటీమీటరుకు 7.85, 4.5, 2.7 గ్రాములు. మాడ్యులస్‌ని డెన్సిటీతో భాగించు. మూడూ 25, 26 దగ్గరే ఆగుతాయి. అంటే ఒక రాడ్డును లాగుతున్నప్పుడు అది ఇంతకంటే సాగకూడదు అనుకుంటే, మూడింట్లో దేనితో చేసినా బరువు ఇంచుమించు ఒకటే. మరి అల్యూమినియం తేలిక అని అందరూ ఎందుకంటారు? ఎందుకంటే చాలా పార్టులు లాగుడుకంటే వంపుకే ఎక్కువ గురవుతాయి. వంపులో కథ మారిపోతుంది: డెన్సిటీ తక్కువైతే అదే బరువుకి బీమ్‌ను లావుగా చేసుకోవచ్చు, లావైనకొద్దీ వంగడం చాలా వేగంగా తగ్గుతుంది. అందుకని ఇక్కడ చూడాల్సింది మాడ్యులస్‌ని కాదు, దాని వర్గమూలాన్ని డెన్సిటీతో భాగిస్తే వచ్చేదాన్ని. అలా చేస్తే స్టీల్‌కి 1.8, టైటానియంకి 2.4, అల్యూమినియంకి 3.1 వస్తాయి. తేలికపాటి స్ప్రూస్ చెక్కకి, నార పొడవు దిశలో, 7 దాకా వస్తుంది! 1903లో రైట్ సోదరులు ఎగిరించిన విమానం ఫ్రేములో ఎక్కువభాగం స్ప్రూస్ చెక్కదే. పలకగా వాడే చోట వర్గమూలం బదులు ఘనమూలం తీసుకోవాలి, అప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

చూశావా, నంబర్లు మారలేదు, పని మారింది, గెలిచిన మెటీరియల్ మారింది. ఈ ఆలోచనని గ్రాఫులుగా గీస్తే వచ్చేవే అష్బీ చార్టులు. మీ సిలబస్‌లో లేకపోయినా ఒక వారం వాటి మీద కూర్చో.

ఇంటర్వ్యూల్లో పిల్లలు బోల్తా పడే ప్రశ్న ఒకటుంది. "స్టీల్ బీమ్ మరీ ఎక్కువ వంగుతోంది, విరగడం లేదు, వంగుతోందంతే, ఇంకా స్ట్రాంగ్ గ్రేడ్ వేస్తే సరిపోతుందా?" అని అడుగుతారు. చాలామంది సరిపోతుందనే అంటారు. సరిపోదు. మాడ్యులస్ పరమాణువుల మధ్య బంధాల నుంచి వచ్చేది, హీట్ ట్రీట్‌మెంట్‌తో అది దాదాపు కదలదు. బలం అలా కాదు, లోపల డిస్‌లొకేషన్లు (పరమాణువుల వరసల్లో ఉండే లోపాలు) కదలకుండా ఎంత అడ్డుపడగలిగామన్నదాన్ని బట్టి ఎన్నో రెట్లు మారుతుంది. మెత్తటి స్వచ్ఛమైన అల్యూమినియం కొన్ని పదుల మెగాపాస్కల్స్‌కే లొంగిపోతుంది, 7075 టీ6 అనే గ్రేడ్ 500 దాకా నిలబడుతుంది, కానీ రెండింటి మాడ్యులస్ 70 దగ్గరే. కాబట్టి ఆ బీమ్‌కి కావాల్సింది మంచి గ్రేడ్ కాదు, మంచి ఆకారం.

ఇక నాకు బాగా ఇష్టమైన విషయం, వేడికి వ్యాకోచించడం. టేబుల్లో ఇది ఏదో మూలన ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. సిలికాన్ డిగ్రీకి మిలియన్‌లో 2.6 వంతులు పెరుగుతుంది, రాగి 17 వంతులు. విడివిడిగా చూస్తే రెండూ లెక్కలోకి రానంత చిన్నవి. కానీ చిప్‌లో ఉన్నది సిలికాన్, దాని కింద బోర్డులో ఉన్నవి రాగి, రెసిన్. మధ్యలో చిన్న సోల్డర్ చుక్కలు. పరికరం వేడెక్కినప్పుడల్లా కిందిది ఎక్కువ సాగుతుంది, పైది తక్కువ సాగుతుంది, నలిగేది మధ్యలో ఉన్న సోల్డరే. ఒకరోజులో ఏమీ కాదు. వేలసార్లు వేడెక్కి చల్లారాక పగులు వస్తుంది. చిప్ ప్యాకేజింగ్‌లో పనిచేసేవాళ్లకి ఈ పోరు రోజూ ఉండేదే. దీనికి ఎదురు ఉదాహరణ రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు: స్టీల్, కాంక్రీటు రెండూ దాదాపు ఒకే మోతాదులో, 10 నుంచి 12 మధ్య, పెరుగుతాయి కాబట్టే ఆ జంట బతికి బట్టకట్టింది.

టేబుల్‌ని గుడ్డిగా నమ్మకూడదు కూడా. అందులో రాసింది సాధారణంగా గది ఉష్ణోగ్రత దగ్గరి విలువ. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పేలిపోయింది రబ్బరు ఓ-రింగు చలికి బిగుసుకుని, వెంటనే తిరిగి వ్యాకోచించి సందు మూయలేకపోవడం వల్లే. అదే రబ్బరు వెచ్చటి రోజున పనికొచ్చేదే. ఇంకో సంగతి, బల్క్ ప్రాపర్టీ అంటే ముద్ద మొత్తానికి సగటున చెప్పే మాట. ఫెటీగ్ పగుళ్లు (మళ్లీమళ్లీ భారం పడటం వల్ల వచ్చేవి) మాత్రం చాలాసార్లు ఉపరితలం మీద ఓ గీత దగ్గరో, రంధ్రం అంచునో మొదలవుతాయి. 1954లో కూలిన కామెట్ జెట్ విమానాల్లో కూడా కిటికీల్లాంటి రంధ్రాల అంచుల దగ్గర ఒత్తిడి పేరుకోవడమే దెబ్బతీసింది. మరీ చిన్న సైజుకి వెళ్తే ముద్ద లెక్కలే చెల్లవు, బంగారం నానో కణాలుగా నీటిలో ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. (ఇది మీ సిలబస్‌కి అనవసరం, ముచ్చటేసి చెప్పాను.)

ఇప్పుడు ఉద్యోగాల మాట. ఉన్నదున్నట్టు చెప్తాను: సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇక్కడ లేవు, పరిశోధన వైపు వెళ్లాలంటే మాస్టర్స్ దాదాపు తప్పదు. కానీ "మెటీరియల్స్ ఇంజనీర్" అని వెతికి, తక్కువ కనిపించాయని బెంగపెట్టుకోకు. బ్యాటరీ థర్మల్ డిజైన్, ఫెయిల్యూర్ అనాలిసిస్, ఎలక్ట్రానిక్స్ రిలయబిలిటీ, సిమ్యులేషన్ లాంటి పేర్ల వెనక ఉన్నది ఇదే చదువు. సిమ్యులేషన్ సంగతే తీసుకో, సాఫ్ట్‌వేర్ మొదట్లోనే అడిగేది మెటీరియల్ వివరాలు. అక్కడ ఒక తప్పు నంబరు వేస్తే కంప్యూటర్ అరవదు, రంగురంగుల అందమైన బొమ్మ ఇస్తుంది, అది శుద్ధ అబద్ధం. దాన్ని చూడగానే ఎక్కడో తేడా కొడుతోందని పట్టేసేవాడు ఏ టీముకైనా కావాలి. కోడింగ్‌ని శత్రువులా చూడకు, పైథాన్ నేర్చుకో. పైన చెప్పిన మూడు లోహాల లెక్కని వంద మెటీరియల్స్‌కి చేసి గ్రాఫు గీసే ప్రోగ్రాం రాస్తే, అదే నీ మొదటి ప్రాజెక్ట్.

ఈ సెమిస్టర్‌లో ఒక్క పని మాత్రం మానకు. ల్యాబ్‌లో టెన్సైల్ టెస్ట్ (శాంపిల్‌ని లాగి చూసే పరీక్ష) చేసినప్పుడు, శాంపిల్ సాగుడునే నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ పెట్టకుండా, మెషీన్ క్రాస్‌హెడ్ (శాంపిల్‌ని లాగే కదిలే భాగం) ఎంత కదిలిందో దాన్నిబట్టే స్టీల్ మాడ్యులస్ లెక్కకట్టు. 200 రాదు, చాలా తక్కువ వస్తుంది. పక్కవాడి రికార్డు చూసి దిద్దేయకు. శాంపిల్‌తోపాటు ఇంకేం సాగిందో ఆలోచించి, నీకు తోచిన కారణం రికార్డులో రాసి, నాకూ పంపు.