లాకు గేటును నాలుగోసారి విప్పిన పిల్లాడు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. మావాడు తొమ్మిదో తరగతి. మేనమామ కొనిచ్చిన లెగో టెక్నిక్ ముక్కలకు మోటారు తగిలించి కాలువ లాకు గేటు చేశాడు. లేస్తోంది కదా అంటే ‘ఆపితే జారిపోతోందమ్మా’ అని మళ్లీ విప్పుతాడు. ఇప్పటికి నాలుగుసార్లు. చదువు పాడవుతుందని టెన్షన్. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, బొమ్మలు పేర్చినవాళ్లంతా ఇంజినీర్లు కారు. కానీ లేచిన గేటును జారుతోందని విప్పాడు చూశారా, నాకు నచ్చింది అదీ.

8 పళ్ల గేరుతో 40 పళ్ల గేరును తిప్పితే వేగం అయిదో వంతుకు పడిపోయి బలం దాదాపు అయిదు రెట్లవుతుంది, గేటు లేస్తుంది, తీరా మోటారు ఆపగానే బరువు ఆ గేర్లనే వెనక్కి తిప్పేస్తుంది. వార్మ్ గేరు, అంటే మరమేకులా మెలికలు తిరిగిన గేరు, పెట్టి చూడమనండి. 24 పళ్ల గేరు ఒక్క చుట్టు తిరగాలంటే వార్మ్ 24 చుట్లు తిరగాలి, దాని మెలికలు పళ్లను రాసుకుంటూ తిరుగుతాయి, ఆ రాపిడికి గేటు ఎక్కడ ఆపితే అక్కడే నిలుస్తుంది. అయితే ఆ రాపిడే మోటారు బలాన్ని సగానికి సగం మింగేయొచ్చు. ఇరుసును రెండు పక్కలా పట్టి ఉంచకపోతే అది వంగి, పళ్లు టకటకమని జారతాయి. అంటే ఐదోసారి కూడా విప్పుతాడు, విప్పనివ్వండి. కాకపోతే ఒక్కోసారి ఒక్కటే మార్చి, ఏం మార్చాడో, ఏమైందో నోటుబుక్కులో రాయాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో వాడికే తెలియదు.

చదువు సంగతికొస్తే, పదో తరగతి తర్వాత ఎంపీసీ చదివి మెకానికల్ వైపు వెళ్లొచ్చు, జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే తాడేపల్లిగూడెంలోనే ఎన్ఐటీ ఉంది. లేదా పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, ఆపై డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాది. చుట్టాలు మూతి విరుస్తారు గానీ, చేత్తో పట్టుకుంటే తప్ప బుర్రకెక్కని పిల్లలకు నేను డిప్లొమానే చెబుతాను. ఏ దారైనా లెక్కలు తప్పవు, శనాదివారాలు గేటుకి, మిగతా రోజులు పుస్తకాలకి అని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి.

ఇంకోటి. మీ చుట్టూ రొయ్యల చెరువులే కదా, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసే షెడ్డుకి ఓ ఆదివారం తీసుకెళ్లండి. నిమిషానికి పద్నాలుగు వందల చుట్లు తిరిగే మోటారును వంద దరిదాపులకు దించే గేర్‌బాక్సు అక్కడ విప్పి ఉంటుంది. పాత చొక్కా వేసి పంపండి, గ్రీజు ఎలాగూ అంటుతుంది.