తల ఊపిన పేషెంట్లందరూ నమ్మినట్టు కాదు

"పేషెంట్లు తమను నమ్ముతున్నారో లేదో మామూలు జనరల్ డాక్టర్లకు తెలుస్తుందా?" అని అడిగారు. ఇరవై ఏళ్లుగా ఓపీ చూస్తున్నాను. తెలుస్తుందనే అనుకుంటాం, అది చాలాసార్లు తప్పవుతుంది.

నా దగ్గరికి బీపీకి ఒక పెద్దాయన వచ్చేవారు, రిటైరైన టీచర్. ఏం చెప్పినా "అలాగే డాక్టర్ గారూ, మీరెలా అంటే అలా" అనడమే తప్ప ఒక్క ప్రశ్న వేసేవారు కాదు. రామిప్రిల్ మొదలుపెట్టాను. నెల తర్వాత చూస్తే 160/100. డోసు పెంచాను, అంతే ఉంది. ఆమ్లోడిపిన్ కలిపాను, అయినా కదల్లేదు. కిడ్నీల్లో ఏమైనా ఉందేమోనని పరీక్షలు రాస్తే అన్నీ నార్మల్. ఒకసారి ఆయన వెంట కూతురు వచ్చింది. అంతా అయిపోయి లేచాక, తలుపు దగ్గర ఆగి, "ఆ మాత్రలు మానేసినప్పటి నుంచి నాన్నకు దగ్గు లేదు సార్, రాత్రిళ్లు హాయిగా పడుకుంటున్నారు" అంది. ఆయన కూతురి వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రామిప్రిల్ జాతి మందులతో కొందరికి పొడి దగ్గు వస్తుందని మెడికల్ స్టూడెంట్‌ని లేపి అడిగినా చెబుతాడు. నేను ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. రెండో మాత్ర కూడా దాని తమ్ముడే అనుకుని దాన్నీ ముట్టుకోలేదట. ఎందుకు చెప్పలేదండీ అంటే, "మీరు చిన్నబుచ్చుకుంటారేమోనని" అన్నారు. నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఏదో జబ్బుతో ఆస్పత్రిలో చేరి ఉంటే, నా చీటీ చూసి అక్కడివాళ్లు అన్ని మాత్రలూ ఫుల్ డోసులో ఒకేసారి వేసేవారు, బీపీ ఒక్కసారిగా పడిపోయేది.

నన్ను బాగా నమ్మేవాళ్లెవరని అడిగితే అప్పటిదాకా ఆయన పేరే ముందు చెప్పేవాణ్ణి. అసలు నమ్మని మనిషి ఎవరంటే, ఫైలు పట్టుకొచ్చే ఒక షుగర్ పేషెంట్ పేరు చెప్పేవాణ్ణి. "మెట్‌ఫార్మిన్ కిడ్నీలు పాడు చేస్తుందట కదా?" అని వచ్చిన ప్రతిసారీ వాదన. పాడు చేయదమ్మా, కిడ్నీలు ముందే బలహీనంగా ఉంటే డోసు తగ్గిస్తాం లేదా ఆపేస్తాం, అంతే తేడా అని ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడను చూస్తే నాకు చిరాకు, దాచుకోవడమెందుకు. కానీ ఆవిడ హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 6.8కి వచ్చింది. రక్తంలో షుగర్ దాదాపు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది, ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే మారేది కాదు. అంటే అన్ని రోజులూ గొడవ పడుతూనే మాత్రలు వేసుకుంది!

మా వాళ్లలో ఏ డాక్టర్ని కదిపినా "నా పేషెంట్లు చెప్పినట్టు వింటారు" అంటారు. దీర్ఘకాలిక జబ్బులవాళ్లలో చెప్పినట్టు మందులు వాడేది సంపన్న దేశాల్లో కూడా సుమారు సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే రాసింది. ఆ మిగతా సగం మంది ఎవరి దగ్గరికి వెళుతున్నారో మరి. అమెరికాలో 1984లో వచ్చిన ఒక అధ్యయనంలో, పేషెంట్ మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నాడని తేలింది. మొదట చదివినప్పుడు నవ్వుకున్నాను. తర్వాత నన్ను నేను గమనించుకుంటే, నాకు 18 సెకన్లు కూడా ఎక్కువే అనిపించింది. ఇప్పుడు దానికి తోడు కంప్యూటరొకటి, అవతలి మనిషి ఏడుస్తున్నా మనం టైపు చేస్తూ ఉండాలి.

"మందులు వాడుతున్నారా?" అని అడగడం మానేశాను, దానికి అందరూ అవుననే అంటారు. "వారంలో ఎన్ని రోజులు మర్చిపోతున్నారు?" అని అడుగుతున్నాను. పెద్దాయనకు టెల్మిసార్టాన్‌కి మార్చాను, దగ్గు లేదు, బీపీ దిగింది. పోయిన వారం వచ్చి మళ్లీ "అలాగే డాక్టర్ గారూ" అన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఇంకో రెండుసార్లు అడిగితే, ఆదివారాలు మానేస్తున్నానని ఒప్పుకున్నారు.