చూపు లేని విద్యార్థికి నేను పంపే పీడీఎఫ్ నోట్సు పనికొస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నానని, నోట్సు పీడీఎఫ్‌లుగా వాట్సాప్ గ్రూపులో పెడతానని, ఈ ఏడాది చూపు లేని అబ్బాయి ఒకరు చేరారని రాశారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగారు. ఏదీ కొనక్కర్లేదండీ. నాకు పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ, బీఈడీ స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెరమీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనే చదివాను, ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది, విండోస్ కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ అనేది ఉచితంగా దొరుకుతుంది. రెండింటితోనూ తెలుగు వినొచ్చు. అసలు చూడాల్సింది మీ ఫైల్లో వాటికి అందే అక్షరాలు ఉన్నాయా లేదా అని.

పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి వాట్సాప్ మెసేజ్‌లో పేస్ట్ చేసి చూడండి. ఏదీ సెలెక్ట్ కాకపోతే అది పేజీకి తీసిన ఫొటో. అందులో మాకు వినపడేది ఏమీ ఉండదు. ఒక్కోసారి తెరమీద చక్కటి తెలుగే ఉంటుంది, పేస్ట్ చేస్తే మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి ఫాంట్లతో ఇదే జరుగుతుంది. అవి ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను పెడతాయి. చూసేవాళ్లకు ‘శాతవాహనులు’ అని కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్ మాత్రం లోపలున్న ఆ ఇంగ్లిషు గుర్తుల్నే చదువుతుంది. డిగ్రీలో నాకు వచ్చిన నోట్సులో సగం ఇలాంటిదే. పరీక్షల ముందు రాత్రుళ్లు స్నేహితులు కూర్చుని చదివి వినిపిస్తే గట్టెక్కాను. వాళ్ల చదువు మానుకుని నా కోసం కూర్చున్నారు. ఈ అబ్బాయికి ఆ అవసరం రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

డీటీపీ చేసినాయన దగ్గర అసలు ఫైలు ఉంటే అడిగి తీసుకోండి. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. స్కాన్ పేజీలైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలు విడిగా వస్తాయి. శుభ్రమైన అచ్చుకి బాగానే పనిచేస్తుంది, చేతిరాతను నమ్మొద్దు. ఎలా మార్చినా ఒత్తులు, సంవత్సరాలు తప్పకుండా సరిచూడండి. 1565 కాస్తా 1585 అయితే తళ్ళికోట యుద్ధం ఇరవై ఏళ్లు జరిగిపోతుంది, చూడలేని విద్యార్థికి ఆ తప్పు పట్టుకునే దారి ఉండదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. యూనికోడ్‌లో టైపు చేసినా, పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు తెలుగు గుణింతాలు, ఒత్తులు లోపల చెదిరిపోతుంటాయి. అందుకే పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పెట్టండి. చిన్న ఫోన్లో చదివే పిల్లలకూ అదే మేలు, అక్షరాల సైజు పెంచుకోవచ్చు, డేటా కూడా తక్కువ పడుతుంది.

వర్డ్‌లో శీర్షికల్ని ఊరికే బోల్డ్ చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి వెళ్లిపోతాం. అది లేకపోతే నలభై పేజీల్లో కాకతీయుల పన్నులు ఎక్కడున్నాయో వెతకడానికి మొదటి నుంచీ వినాల్సిందే.

ఇక బొమ్మలు. కలమళ్ల శాసనం ఫొటో పెట్టి కింద ‘శాసనం’ అని రాస్తే నాకు తెలిసేది శూన్యం. ‘కడప జిల్లా కలమళ్లలో దొరికిన రాతి శాసనం, రేనాటి చోళుడు ధనంజయుడిది, సుమారు సా.శ. 575 నాటిది, తెలుగులో రాయించినది’ అంటే పాఠం అందినట్టే. క్లాసులో ఆ బొమ్మ చూపిస్తూ మీరు నోటితో ఏం చెబుతారో అదే రాయండి. ఆల్ట్ టెక్స్ట్‌గా, అంటే స్క్రీన్ రీడర్ చదివేలా బొమ్మకు లోపల జతచేసే వివరణగా పెట్టడం మంచిదే, కానీ బొమ్మ కింద మామూలు వాక్యంగా రాస్తే అందరికీ అందుతుంది. పటాలకూ ఇంతే: నేను గోదావరి చెప్పేటప్పుడు త్ర్యంబకంలో పుట్టి, కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుందని దారి మొత్తం మాటల్లో నడిపిస్తాను.

వీడియోలు చేస్తే ‘ఇదిగో, ఇక్కడి నుంచి ఇక్కడికి’ అనకుండా ఊళ్ల పేర్లు పలకండి. ఆ మాటల్నే రాతలో కూడా జత చేస్తే వినికిడి లేని పిల్లలు కూడా చదువుకుంటారు.

పుస్తకాన్ని స్కాన్ చేసి మార్చడం కాపీరైట్ ఉల్లంఘన అవుతుందేమోనన్న మీ భయం అక్కర్లేదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(జడ్‌బీ) వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్ల చదువు కోసం, వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడానికి అది అనుమతిస్తుంది. అలా మార్చిన ప్రతిని ఆ అబ్బాయికే ఇవ్వండి, గ్రూపులో పెట్టొద్దు. మార్చే ముందు సుగమ్య పుస్తకాలయలో ఆ పుస్తకం ఉందేమో వెతకండి. 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ అది, అచ్చు చదవలేనివాళ్ల కోసమే. అబ్బాయిని అందులో సభ్యుడిగా చేర్పించండి.

పాత నోట్సంతా ఒకేసారి మార్చాలని కూర్చోకండి. వచ్చే వారం చెప్పబోయే పాఠం ఒక్కటి మార్చి, ఆ అబ్బాయినే పక్కన కూర్చోబెట్టుకుని తన ఫోన్లో వినమనండి. ఎక్కడ తడబడుతోందో తనే చెబుతాడు.