రెండు బ్రాంచీల సగటూ 25 లక్షలే... అప్పు దేనిమీద?

ప్రశ్న: నాకు రెండు బ్రాంచీలున్నాయి. 50 నెలల అమ్మకాలను 0–10 లక్షలు, 10–20, అలా 40–50 దాకా తరగతులుగా విడగొట్టి పట్టిక వేశాను. ఆ తరగతుల్లో పడ్డ నెలలు మొదటి బ్రాంచికి 2, 10, 26, 10, 2. రెండోదానికి 12, 12, 4, 8, 14. నెల సగటు రెండింటికీ 25 లక్షలే వచ్చింది. అప్పు చేసి ఏదో ఒకదాన్ని పెంచుదామనుకుంటున్నాను. ఏదైనా ఒకటేనా?

జవాబు: కాదండీ. మీ లెక్క మాత్రం సరైనదే. తరగతి మధ్య విలువను నెలల సంఖ్యతో గుణించి, అన్నీ కూడి 50తో భాగిస్తే రెండుచోట్లా 25 వస్తుంది. కానీ వాయిదా కట్టేది సగటు కాదు, ఆ నెల గల్లాపెట్టె.

రెండింటికీ ఒకే కొలతతో హిస్టోగ్రామ్, అంటే ఒక్కో తరగతిలో ఎన్ని నెలలు పడ్డాయో అంత ఎత్తు కడ్డీల బొమ్మ, గీయండి, కడ్డీల మధ్య ఖాళీ వదలకుండా. మొదటిది నడుమ ఎత్తుగా, అటూ ఇటూ దిగుతూ ఉంటుంది. రెండోదానికి నడుమ లోయ, రెండు పక్కలా గుట్టలు. ఆ బ్రాంచిలో 25కి దగ్గరగా, అంటే 20–30 మధ్య, పడిన నెలలు నాలుగే! ప్రామాణిక విచలనం, అంటే నెలలు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే కొలత, కూడా అదే చెబుతుంది: మొదటిదానికి సుమారు 8.5 లక్షలు, రెండోదానికి 15.7.

నేనైతే ముందు చూసేది మొదటి చతుర్థాంశం, అంటే నాలుగింట ఒక వంతు నెలలు ఏ అంకెకు కింద ఉన్నాయో అది. రెండో బ్రాంచికి చూద్దాం. 50లో నాలుగో వంతు 12.5. మొదటి తరగతిలోనే 12 నెలలు అయిపోయాయి, ఇంకా అర కావాలి. తర్వాతి తరగతిలో 12 ఉన్నాయి కాబట్టి 10 + (0.5 ÷ 12) × 10, సుమారు 10.4 లక్షలు. మొదటి బ్రాంచికి ఇదే లెక్క 20.2 చూపిస్తుంది. వాయిదాకు ఈ అంకెనే ఆధారం చేసుకోండి. అదీ అమ్మకం మీద కాదు, అందులో ఖర్చులు పోగా చేతికి మిగిలేదాని మీద. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

రెండో బ్రాంచిని కొట్టిపారేయకండి. రెండు గుట్టలున్నాయంటే రెండు రకాల నెలలు కలిసిపోయాయని నా అనుమానం, బహుశా సీజనూ అన్‌సీజనూ. తరగతులు చేసేసరికి నెలల వరుస చెరిగిపోతుంది. పాత పుస్తకం తీసి నెలవారీగా గీత గీయండి. మందకొడి నెలలు వరుసగా ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి. ఆ మందకొడి నెలలకు సరిపడా వాయిదాలు ముందే పక్కన పెట్టగలిగితేనే ఆ బ్రాంచి మీద అప్పు సంగతి మాట్లాడదాం.