ఒక్క గేరుతో లెడ్‌విల్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

అత్తయ్య ఆశీస్సులు. కొలరాడో కొండల్లో జరిగే లెడ్‌విల్ 100 మౌంటెన్ బైక్ రేసు లాటరీలో నీ పేరు వచ్చిందని నీ మెయిల్ కంటే ముందే మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "గేర్లున్న సైకిలు ఇంట్లో పెట్టుకుని, గేర్లు లేనిదాంతో తొక్కడానికి డబ్బులు కట్టిందట. మన ఊళ్ళో పాలబ్బాయి ఊరికే తొక్కేవాడు కదే" అన్నాడు. అసలు మౌంటెన్ బైకింగ్ మొదలైందే అలాంటి సైకిళ్ళతో అన్నాను. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండ దిగే పందేలు పెట్టుకున్న కుర్రాళ్ళవి ఎక్కువగా వెనక్కి తొక్కితే బ్రేకు పడే పాత ఒక్క గేరు సైకిళ్ళే. దిగేసరికి హబ్‌లో, అంటే చక్రం నడిమి ఇరుసు భాగంలో, గ్రీజు కాలి పొగ వచ్చేది, మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. మీ నాన్న ఏం విన్నాడో తెలీదు గానీ, సంబంధాల మాటలోకి వెళ్ళిపోయాడు.

నువ్వడిగింది గేరు గురించి కదా. 32కి 18, అంటే ముందు పళ్ళచక్రానికి (చైన్‌రింగు) 32 పళ్ళు, వెనక పళ్ళచక్రానికి (కాగ్) 18, వద్దు. వెనక పళ్ళు పెరిగే కొద్దీ తొక్కడం తేలిక. 32కి 20 పెట్టి తొక్కడం మొదలుపెట్టు. రేసు దగ్గరపడేసరికి 21, 22 కాగ్‌లు రెండూ నీ దగ్గర ఉండాలి.

18తో డెన్వర్ చుట్టుపక్కల బాగానే తొక్కుతున్నానన్నావు. నిజమే, తొక్కగలవు. కానీ డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. లెడ్‌విల్‌లో స్టార్టింగ్ లైనే పదివేల అడుగుల పైన ఉంటుంది, కొలంబైన్ మైన్ దగ్గర వెనక్కి తిరిగే చోటు 12,400 దాటుతుంది. డెన్వర్‌లో గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో సుమారు 82 శాతం, కొలంబైన్ పైన దాదాపు 63. గేర్లున్నవాళ్ళకి ఆయాసం వస్తే ఒక క్లిక్‌తో తేలిక చేసుకుంటారు. నీకు ఆ వీలు లేదు. అక్కడ నీ కాళ్ళు ఎంత ఇవ్వగలవో చూసి ఇక్కడ గేరు ఎంచుకోవాలి. డెన్వర్‌లో కొంచెం తేలిగ్గా, చదును మీద చిరాకు తెప్పించేలా ఉండే గేరే పైన సరిగ్గా సరిపోతుంది.

తేలిక గేరు పెడితే టైమ్ దాటిపోతుందేమోనని నీ భయం. లెక్క వేసి చూడు. కోర్సు నూరు మైళ్ళ పైచిలుకు, 12 గంటల్లోపు ముగిస్తే బహుమతిగా బెల్టు బకిల్. అంటే సగటున గంటకి తొమ్మిది మైళ్ళ లోపే. 29 అంగుళాల చక్రానికి 32కి 20 పెడితే, తొమ్మిది మైళ్ళ వేగానికి నిమిషానికి అరవై ఐదు చుట్లు తొక్కితే చాలు. అది తీరుబడిగా తొక్కే తొక్కుడు. తొంభై చుట్లకి పన్నెండు మైళ్ళు దాటుతుంది. కాబట్టి టైమ్ పోయేది తేలిక గేరు వల్ల కాదు. బరువు గేరుతో మొదటి మూడు కొండలు పళ్ళు బిగించి ఎక్కి, ఎనభయ్యో మైలు దగ్గర కాళ్ళు చచ్చుబడిపోయి గంటలకి గంటలు నడిచే మనిషికే టైమ్ పోతుంది. తొమ్మిది గంటల్లోపు వచ్చేవాళ్ళకి ఇచ్చే పెద్ద బకిల్ సంగతి ఈ ఏడాది ఎత్తకు.

ఇక ప్రాక్టీసు. వారమంతా సింగిల్‌స్పీడ్ మీదే తొక్కాలని పట్టుదలకి పోకు. ఈ మాటకి ఒక్క గేరుతో తొక్కే మనవాళ్ళు కొందరు నన్ను చిన్నచూపు చూస్తారు, చూడనీ. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. మోకాలి చుట్టూ ఉండే స్నాయువులకి నెలలు పడుతుంది. ముప్ఫై, నలభై చుట్లతో బరువుగా తొక్కే పని వారానికి రెండు రోజులు దాటనివ్వకు, ఆ రెండింటి మధ్యా రెండు రోజులైనా ఎడం ఉండాలి. మిగతా రోజుల్లో గేర్ల సైకిలు మీద, పక్కన ఎవరైనా ఉంటే కబుర్లు చెప్పుకోగలిగినంత నెమ్మదిగా తొక్కు. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైతే అది బరువు గేరు చేస్తున్న పని, సీటు కొంచెం కిందికి ఉండటం కూడా కావచ్చు. "తొక్కితే అదే పోతుంది" అని ఎవరైనా అంటే వినకు.

ఏప్రిల్ దాకా వారానికి రెండు సార్లు జిమ్‌కి వెళ్ళు. డెడ్‌లిఫ్ట్, ఒంటికాలితో మెట్టెక్కే వ్యాయామం, ప్లాంక్, బరువు ఛాతీ వైపుకి లాగే రోయింగ్, ఇవి చాలు. కాళ్ళ కంటే నడుమూ చేతులే ముందు అలిసిపోతాయి ఈ సైకిలు మీద. నిలబడి ఎక్కేటప్పుడు కుడి పెడల్ తొక్కే క్షణంలో కుడి చేత్తో హ్యాండిల్‌ని పైకి లాగాలి, లేకపోతే సైకిలు ఒరిగిపోయి సగం బలం వృథా. ఆ లాగుడంతా నడుము మీదుగా పోతుంది. హ్యాండిల్‌బార్ వెడల్పుది వేయించమన్నది కూడా ఇందుకే.

మే నుంచి కొండ పని. మౌంట్ ఫాల్కన్‌లో క్యాజిల్ ట్రెయిల్ నీకు దగ్గరే. మూడు నిమిషాలు నిలబడి, నిమిషానికి నలభై ఐదు, యాభై చుట్లతో ఎక్కు. తర్వాత వెనక్కి తిరిగి ఊపిరి పూర్తిగా సర్దుకునేదాకా నెమ్మదిగా దిగు. మళ్ళీ ఎక్కు. మొదట్లో నాలుగు సార్లు, జూన్ చివరికి ఎనిమిది. గులకరాళ్ళ మీద నిలబడగానే వెనక చక్రం జారుతుందని రాశావు. నువ్వు బాగా ముందుకి వాలిపోతున్నావు. సీటు ముక్కు తొడల వెనక తగిలీ తగలకుండా ఉండేలా నిలబడు, అప్పుడు బరువు వెనక చక్రం మీద ఉంటుంది. పెడల్‌ని పైనుంచి గుద్దకు. గుండ్రంగా, ఒకే ఒత్తిడితో తిప్పు. టైర్లలో గాలి కూడా తగ్గించి చూడు. ట్యూబ్‌లెస్సే కదా, ఇరవై పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి నీ బరువుకి సరిపోయేది వెతుక్కో.

చదును మీద నూట పది, నూట ఇరవై చుట్లు తిప్పడం కూడా నేర్చుకోవాలి, సీటు మీద ఎగరకుండా. గ్రీన్ మౌంటెన్ కింద రోడ్డు మీద ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, బోరు కొడుతుంది, చేసెయ్.

ఒక పని మాత్రం ఈ నెలలోనే చెయ్యి. డాక్టర్‌తో చెప్పి ఫెరిటిన్ పరీక్ష, అంటే ఒంట్లో ఇనుము నిల్వలు చూసే రక్తపరీక్ష, చేయించుకో. నువ్వు శాకాహారివి, నెలనెలా రక్తం పోతుంది, పైగా ఎత్తులో శరీరం కొత్త రక్తకణాలు తయారు చేసుకోవడానికి ఇనుము కావాలి. నిల్వలు తక్కువగా ఉంటే ఎంత ప్రాక్టీసు చేసినా ఆయాసం తగ్గదు, నువ్వేమో నీలో పట్టుదల లేదనుకుంటావు. రిపోర్ట్ చూడకుండా మాత్రలు మింగకు, ఇనుము ఎక్కువైనా ప్రమాదమే.

సైకిలు సంగతి. వెనక జరిగే డ్రాపౌట్లు (వెనక చక్రం ఇరుసు బిగించే చోట్లు) ఉన్న ఫ్రేమే కొన్నావు, మంచి పని. కాగ్ మార్చినప్పుడు ఒక్క పన్ను తేడాకి చక్రం సుమారు మూడు మిల్లీమీటర్లు జరగాలి. 20 తీసి 22 పెడితే ఆరు. ఆ మేరకి స్థలం ఉందో లేదో ఇంట్లోనే చూసుకో. చెయిన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం మీద ఒక సెంటీమీటరు ఆడాలి. అంతకంటే బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే దిగుడులో ఊడిపోతుంది. క్రాంక్ ఒక చుట్టు పూర్తిగా తిప్పి మరీ చూడు. చాలా చైన్‌రింగులు కచ్చితంగా గుండ్రంగా ఉండవు, ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. బిగుతుగా ఉన్న చోటు చూసి సర్దాలి. కాగ్ మాత్రం హబ్ మీద కూర్చునే భాగం వెడల్పుగా ఉన్న ఉక్కుదే కొను. సన్నపు కాగ్ నువ్వు నిలబడి తొక్కే బలానికి అల్యూమినియం ఫ్రీహబ్‌ని (హబ్ మీద కాగ్ ఎక్కించే భాగాన్ని) కొరికేస్తుంది, తర్వాత ఆ కాగ్ ఊడదు. కుదుపులు మింగే సస్పెన్షన్ లేని రిజిడ్ ఫోర్కు అందంగానే ఉంటుంది. కానీ కోర్సులో పవర్‌లైన్ అనే కొండ దిగుడులో వాన కోసిన గాడులు చూశాక నీకు సస్పెన్షన్ ఫోర్కే అందంగా కనిపిస్తుంది.

రేసు రోజు. లెడ్‌విల్ గనుల ఊరు. 1982లో క్లైమాక్స్ గని మూతపడి జనం ఉద్యోగాలు పోగొట్టుకున్నాక, ఊరికి నాలుగు డబ్బులు రావాలని కెన్ క్లౌబర్ అనే గని మనిషి 1983లో నూరు మైళ్ళ పరుగు మొదలుపెట్టాడు. సైకిళ్ళది 1994లో వచ్చింది. అందుకే ఊరంతా రోడ్డు మీదికొచ్చి అరుస్తుంది. ఆ అరుపులకి నువ్వు మొదటి అరగంట పాడుచేసుకునే ప్రమాదం ఉంది. మొదలు తారు రోడ్డు మీద దిగుడు, చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, వందల మంది నిన్ను దాటేస్తారు. నువ్వు నూట ముప్ఫై చుట్లు తిప్పినా వాళ్ళని అందుకోలేవు. తొక్కడం మానేసి ఒంగి కూర్చో, దొర్లనీ.

వాళ్ళలో సగం మంది సెయింట్ కెవిన్స్ ఎక్కుడులో నీ ముందే ఉంటారు, అదే నీకు అసలు ఇబ్బంది. వాళ్ళు చిన్న గేరులో కూర్చుని నడక వేగంతో పోతారు, నువ్వు అంత నెమ్మదిగా తొక్కలేవు. గంటకి నాలుగు మైళ్ళ వేగంలో నీ కాళ్ళు ముప్ఫై చుట్లు కూడా తిరగవు. ముందువాడు ఆగితే నువ్వూ దిగాల్సిందే. అందుకని ముందు సైకిలుకీ నీకూ మధ్య నాలుగైదు సైకిళ్ళ ఎడం ఉంచు. ఖాళీ కనిపించగానే "ఎడమ పక్క నుంచి వస్తున్నా" అని మర్యాదగా, గట్టిగా చెప్పి దాటు. దాటాక థాంక్స్ చెప్పు. మళ్ళీ చదునులో వాళ్ళే నిన్ను దాటుతారు, అప్పుడు ఆ థాంక్స్ పనికొస్తుంది.

పవర్‌లైన్ దిగాక ట్విన్ లేక్స్ దాకా చాలా వరకు చదునే. గేర్ల గుంపు వెనక పడాలని ఆశపడకు, రెండు నిమిషాల్లో ఊపిరి ఆడదు. నీలా ఒక్క గేరు కేటగిరీ వాళ్ళు ఒకరిద్దరు దొరికితే వంతులవారీగా ముందు తొక్కుతూ ఒకరికొకరు ఎదురుగాలి కాయండి. నీ తిండి సమయం కూడా అదే. ఎక్కుడులో రెండు చేతులూ హ్యాండిల్‌ని లాగుతుంటాయి, సీసా తీసే వీలుండదు. చదునులో వేగం ఎలాగూ పెరగదు కాబట్టి తిను. గంటకి అరవై గ్రాముల పిండిపదార్థం లెక్క పెట్టుకో, అందులో సగానికి పైగా తాగే రూపంలో ఉండాలి. పల్లీ చిక్కీ తెస్తానన్నావు. డెన్వర్‌లో బాగుంటుంది, పదకొండు వేల అడుగుల్లో నోరెండిపోయి నమల్లేవు. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు పెట్టుకో. పులిహోర రేసు ముందు రోజు మధ్యాహ్నానికి ఉంచు.

కొలంబైన్ ఎక్కుడు సుమారు ఎనిమిది మైళ్ళు, మూడు వేల అడుగుల పైన. కింది భాగం మంచి మట్టి రోడ్డు, కూర్చుని కొంత, నిలబడి కొంత పోవచ్చు. చెట్లు అయిపోయే చోట రాళ్ళు మొదలవుతాయి. అక్కడ గేర్లున్నవాళ్ళు కూడా దిగి నడుస్తారు. ఎక్కడ దిగాలో ముందే అనుకుని వెళ్ళు. చుట్లు ముప్ఫై కంటే తగ్గి, తర్వాతి మలుపు కనిపించకపోతే దిగిపో. పడిపోయేదాకా తొక్కి దిగినవాళ్ళు పక్కన నిలబడి ఊపిరి తీసుకుంటారు, ముందే దిగినవాళ్ళు నడుస్తూ వాళ్ళని దాటిపోతారు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు వెనక వేసి తోసుకుంటూ, చిన్న అడుగులతో, ఆగకుండా నడు. కుడివైపే ఉండు, ఎదురుగా పైనుంచి దిగేవాళ్ళు చాలా వేగంగా వస్తారు. రబ్బరు అడుగు మెత్తగా, పట్టు ఉండేలా ఉన్న షూ కొనమన్నది ఈ గంట కోసమే. ఇంటి చుట్టూ సైకిలు తోసుకుంటూ ఎక్కడం కూడా ప్రాక్టీసు చెయ్యి, పక్కింటివాళ్ళు నవ్వుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు పవర్‌లైన్ ఎక్కాలి, ఎనభయ్యో మైలు దగ్గర. మొదటి వాలు నిట్టనిలువు, నడిచెయ్. ఆ తర్వాత మాత్రం తొక్కగలిగిన ప్రతి ముక్కా తొక్కు, పైకి చేరామని రెండు మూడు సార్లు మోసపోతావు. ఇక్కడే 22 పెట్టుకున్నవాళ్ళు 18 వాళ్ళని దాటుకుంటూ పోవడం చూస్తావు.

నీ రూమ్మేట్‌ని క్రూగా, అంటే దారిలో తిండీ నీళ్ళూ అందించే మనిషిగా, ట్విన్ లేక్స్ దగ్గర నిలబెట్టు. సీసాల మూతలు తెరిచి, ఖర్జూరాల సంచి విప్పి, వాన జాకెట్ చేతిలో పట్టుకుని ఉండాలి. "ఎలా ఉన్నావ్" అని అడగొద్దని చెప్పు, నిజం చెప్పాలనిపిస్తుంది.

కోర్సు ముందే ఒకసారి చూసుకోవాలి. కొలంబైన్ మీద మంచు కరగడానికి జూన్ సరిపోదు. జులై రెండో వారం తర్వాత నీకు వీలయ్యే శనివారం చెప్పు, పొద్దున ఆరుకల్లా ట్విన్ లేక్స్ డ్యామ్ దగ్గర ఉంటాను. మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు చెట్ల కిందికి దిగిపోవాలి, కాబట్టి ఆలస్యంగా రాకు.

ప్రేమతో,
మీ అత్తయ్య