న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఎస్సీ బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. అప్పట్లో నీట్ రాసినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఇప్పుడు అమెరికాలోని మెడికల్ స్కూల్లో న్యూరోసైన్స్ పీహెచ్‌డీ చేస్తానంటోంది. అది పూర్తయితే డాక్టరు అవుతుందా? కన్సల్టెన్సీ వాళ్లేమో ముందు ఎంఎస్‌కు పంపమంటున్నారు. దానికి పొలం తాకట్టు పెట్టాలి. పైగా అయిదారేళ్ల చదువంటే పెళ్లి మాటేమిటని మా ఆవిడ బెంగ. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పొలం తాకట్టు పెట్టకండి. ముందుగా చెప్పాల్సింది ఇదే.

ఇక మీ మొదటి సందేహం. పీహెచ్‌డీ పూర్తిచేస్తే పేరు ముందు డాక్టర్ అని చేరుతుంది, కానీ వైద్యం చేసే అర్హత రాదు. న్యూరోసైన్స్, అంటే మెదడు, నాడుల మీద పరిశోధన మెడికల్ స్కూళ్లలో సాగడానికి కారణం వేరే ఉంది: ఆ పని మొదలైన శాఖలు ఉన్నది అక్కడే. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో 1966లో స్టీఫెన్ కఫ్లర్ నాయకత్వంలో న్యూరోబయాలజీ విభాగం ఏర్పడింది. అంతవరకు ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, అనాటమీ అంటూ ఎవరి శాఖలో వారు చేస్తున్న పని అక్కడ ఒక్కచోటికి చేరింది. కంటికి కనిపించినదాన్ని మెదడు ఎలా గ్రహిస్తుందో తేల్చి 1981లో నోబెల్ బహుమతి పంచుకున్న హ్యూబెల్, వీజెల్ ఆ విభాగంవారే. అక్కడి పీహెచ్‌డీ విద్యార్థుల ప్రయోగశాలలు మెడికల్ స్కూల్లో ఉన్నా, పట్టా ఇచ్చేది యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ స్కూలు. నీట్‌లో పోయిన సీటు ఈ దారిన దొరుకుతుందన్న ఆశ అమ్మాయి మనసులో ఏ మూలనైనా ఉందేమో మెల్లగా అడిగి తెలుసుకోండి.

ఖర్చు విషయంలో కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పని సంగతి ఒకటుంది. అమెరికా మెడికల్ స్కూళ్లలో న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి సాధారణంగా విద్యార్థి ఫీజు కట్టనక్కర్లేదు. పైగా నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా ఇస్తారు. దానికి ఎంఎస్ తప్పనిసరి కాదు. ఇక్కడి ఎంఎస్సీ ఉండగా అప్పు చేసి అక్కడ ఇంకో మాస్టర్స్ చదవడం నాకు సబబుగా తోచడం లేదు.

అయితే ఆ సీటు దొరకడం కష్టం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే శిక్షణ గ్రాంట్లు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే వర్తిస్తాయి. అందుకే విదేశీ విద్యార్థులను కొద్దిమందినే తీసుకుంటారు. 2025లో ఎన్‌ఐహెచ్ నిధులు అనిశ్చితిలో పడినప్పుడు మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ మెడికల్ స్కూలు అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లను వెనక్కి తీసుకుంది. కాబట్టి ఆ ఒక్క దారినే నమ్ముకోవద్దు.

అసలు ఆలోచించాల్సింది ఆ పని ఆమెకు సరిపడుతుందా అన్నది. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి, చివరికి ఒకటి ఎంచుకోవాలి. ఒక్కో మెదడు కణంలోని విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతి వాడే ల్యాబులో పడిందనుకుందాం. ఎలుకను చంపి, నిమిషాల్లో మెదడు బయటికి తీసి, మిల్లీమీటరులో మూడో వంతు మందాన పొరలుగా కోయాలి. ఆ పొరను ఆక్సిజన్ అందే ద్రావణంలో ఉంచి, మైక్రోస్కోపులో చూస్తూ సన్నని గాజు గొట్టం మొనను ఒక్క న్యూరాన్‌కు (నాడీకణానికి) ఆనించాలి. గొట్టం వెనక చివర నోటితో మెల్లగా పీలిస్తే కణం పొర దానికి అతుక్కుంటుంది. అప్పుడు ఆ కణంలోని విద్యుత్తు తెర మీద గీతలుగా కనిపిస్తుంది. కణం చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వారాల తరబడి ఏమీ చేతికి రాని రోజులుంటాయి. ఆ గీతలు చూసి ఒళ్లు పులకరించేవారే ఈ చదువులో నిలబడగలరు. జంతువులను చంపడం ఇష్టం లేకపోతే మనుషుల మెదడు స్కాన్‌ల మీద, కంప్యూటర్ నమూనాల మీద పనిచేసే ల్యాబులున్నాయి. వాటికి గణితం, పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా రావాలి.

ఇదంతా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఎంఎస్సీ ప్రాజెక్టును మెదడు మీద పనిచేసే ల్యాబులోనే చేయమనండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది, జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. ఆ తర్వాత ఒక ఏడాది ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేస్తే మరీ మంచిది. అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తుకు మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. పక్కన నిలబడి పని చూసిన శాస్త్రవేత్త రాసిన లేఖకు ఉన్న బలం మార్కుల జాబితాకు ఉండదు. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబర్‌లో ముగుస్తుంది.

దాంతోపాటే మన దేశంలో పీహెచ్‌డీకి పనికొచ్చే సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్, జేజీఈఈబీఐఎల్ఎస్ పరీక్షలు రాయించండి. మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులోని నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ మెదడు పరిశోధనలో పేరున్న సంస్థలు. పరిశోధక విద్యార్థికిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆసుపత్రి, ప్రయోగశాల ఒకే ఆవరణలో ఉన్న నిమ్హాన్స్‌ను అమెరికాకు తక్కువగా చూడొద్దని నా మాట.

పెళ్లి గురించి మీ ఆవిడకు చెప్పండి: పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవారు చాలామంది ఉన్నారు. కాకపోతే అమెరికా వెళితే, ఎఫ్-2 వీసా మీద వెంట వచ్చే భర్త అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. సంబంధం మాట్లాడేటప్పుడే ఆ సంగతి అబ్బాయికి చెప్పాలి.