సీమంతానికి హారం తాకట్టు పెట్టమంటారా?

విజయనగరం పక్కనున్న ఊరి నుంచి ఒక అమ్మాయి మెయిల్ రాసింది. పేరు, ఊరు తీసేసి సంగతి మాత్రం చెబుతాను. వయసు 28. భర్తకి జూట్ మిల్లులో పని, నెలకి చేతికి 15,500 వస్తుంది. యూకేజీ చదివే పాప ఉంది. ఇప్పుడు మళ్లీ ఏడో నెల, కాన్పు అక్టోబరులో, పైడితల్లమ్మ సిరిమానోత్సవం ప్రాంతంలో అవ్వొచ్చని డాక్టరు చెప్పారట. ఇంట్లో కూర్చుని పాత చీరలతో బొంతలు, పసిపిల్లల జుబ్బాలు, ఊయలకి వేలాడదీసే గుడ్డ చిలకలు కుట్టి వాట్సాప్‌లో అమ్ముతుంది, నెలకి 4 వేల దాకా అమ్మకం. బ్యాంకులో 6 వేలున్నాయి. వీధిలో ఒకామె నడిపే 40 వేల చీటీ ఉంది, నెలకి 2 వేలు చొప్పున 20 నెలలు, అందులో 9 కట్టింది. రెండు తులాల హారం ఉంది. లోన్ యాప్‌లో ఒక అప్పు, కిరాణా కొట్లో 3,800 ఖాతా కూడా ఉన్నాయి. అడిగిందేమిటంటే, హారం బ్యాంకులో పెట్టి 80 వేలు తీసుకుంటాను, సీమంతానికి 25, బిడ్డ సామాన్లకి 15, ఎంబ్రాయిడరీ మెషిన్‌కి 40, బంగారం మీద వడ్డీ తక్కువే కదా, తీసుకోవచ్చా అని.

వద్దమ్మా.

మీ 80 వేల లెక్క నేను రెండుసార్లు చదివాను, ఎక్కడైనా నా కంట పడలేదేమో అని. కాన్పుకి అందులో ఒక్క రూపాయి లేదు. మొదటిసారి ప్రైవేటులో ఆపరేషన్ అయింది, 45 వేలు అయింది, మరిది దగ్గర తెచ్చాం అని మీరే రాశారు. ఈసారి అదే చోట 55 వేలు చెప్పారనీ మీరే రాశారు. అది ఎక్కడి నుంచి వస్తుంది అంటే 'అప్పటికి యాప్‌లో లిమిట్ పెరుగుతుంది' అన్నారు. ఈ ఒక్క వాక్యం కోసమే మీ ప్రశ్నకి ఇక్కడ జవాబిస్తున్నాను, ఎందుకంటే ఇలా ఆలోచించే ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. ఊయల, దోమతెర, మెత్తటి పరుపు, ఫోటోల ఖర్చు అన్నీ ముందే తయారు, ఆస్పత్రి ఖర్చు మాత్రం దేవుడి మీద, లేదంటే ఫోన్ మీద.

ముందు ఆ యాప్ సంగతి తేల్చుకుందాం. 15 వేలు అని రాశారు గానీ మీ చేతికొచ్చింది 13,200, మిగతాది ప్రాసెసింగ్ ఫీజు కింద పట్టుకున్నారు. నెలకి 4,600 చొప్పున నాలుగు నెలలు కట్టాలి, అంటే మొత్తం 18,400. లెక్క కడితే నెలకి నూటికి 14 రూపాయల పైన పడింది వడ్డీ. మీ వీధిలో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీ అడిగితే ఊరంతా చెప్పుకుంటాం, వాడి గుమ్మం తొక్కొద్దంటాం. యాప్ మాత్రం రంగురంగుల బొమ్మలతో 'మీ కోసం ప్రత్యేక ఆఫర్' అంటే సరేనని నొక్కేస్తున్నాం! రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే ముందే ఏడాదికి మొత్తం ఎంత వడ్డీ పడుతుందో స్పష్టంగా చూపాలి, మీ కాంటాక్టులూ ఫోటోలూ చూడకూడదు. మీ యాప్ కాంటాక్టులు చూసే అనుమతి అడిగిందన్నారు, ఇచ్చానన్నారు. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అనుమతి ఈరోజే తీసేయండి. వాయిదా ఒకరోజు ఆలస్యమైతే మీ పిన్నిగారికీ పాప టీచరుకీ ఫోన్లు చేసి పరువు తీసే రకం అయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఇంకా రెండు వాయిదాలున్నాయి, 9,200. ఇది ఉన్నంతకాలం మిగతా ఏ ప్లానూ ప్లాను కాదు.

మీ నెల ఖర్చు చూశాను. అద్దె 3,000, సరుకులూ పాలూ కూరలూ 6,500, కరెంటు గ్యాసు ఫోన్లు 1,400, బండి పెట్రోలు 1,000, పాప ఫీజూ ఆటో 1,600, చీటీ 2,000. సరిగ్గా 15,500, మీ ఆయన జీతం అక్కడికి సరి. ఇక యాప్ వాయిదా మీ కుట్టు డబ్బుల్లోంచి కడుతున్నాను అన్నారు. మీ అమ్మకం 4 వేలు, నిజమే, కానీ గుడ్డ, దారం, దూది, పూసలు, పార్సిలు ఖర్చు తీస్తే మీకు మిగిలేది 2,500. 4,600 కట్టాలి. ఆ తేడాయే కిరాణా కొట్టు ఖాతాలో పెరుగుతోంది. మీ చేతి ఖర్చు ఎక్కువై కాదు, ఎక్కడా పిసరంత వృథా కనిపించలేదు నాకు. ఈ ఇంట్లో లేనిది ఒక్కటే, ముట్టుకోకుండా పక్కన పెట్టిన డబ్బు.

నేను ఎవరికి రాసినా ఇదే పాట పాడతానని చదివేవాళ్లు వేళాకోళం చేస్తుంటారు. చేయనివ్వండి. జూట్ మిల్లు జీతం మీద బతికే ఇంటికి ఇంకెవరికన్నా ఎక్కువగా ఇది అవసరం, మన జిల్లాలో మిల్లు గేటుకి లాకౌట్ నోటీసు అంటిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా మీ కాన్పు అక్టోబరులో. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఏటీఎంలు పని చేయక, ఫోన్లు చచ్చిపోయి, చేతిలో నోట్లున్నవాళ్లే పాల ప్యాకెట్టు కొనుక్కోగలిగారు. అందుకే కాన్పుకి ముందే 4 వేలు నోట్ల రూపంలో ఇంట్లో ఉండాలి, వంద రెండొందల నోట్లుగా, మీ ఆస్పత్రి కాగితాల సంచిలోనే.

మరి ఆ నిధి ఎక్కడి నుంచి వస్తుంది? చీటీ పాడండి. మామూలుగా ఈ సలహా ఇవ్వను, పాటలో ఆరేడు వేలు పోతుంది, మీ లెక్క ప్రకారం ఇప్పుడు 33 వేలకి వస్తుంది, ఆ నష్టం నాకూ నచ్చదు. కానీ 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు కాని వీధి చీటీ అది, నడిపే ఆమె ఎంత మంచిదైనా మీ డబ్బుకి కాగితం లేదు, పైగా పాట రోజు తప్ప మరో రోజు డబ్బు కావాలంటే రాదు. పురిటి నొప్పులు పాట రోజు చూసుకుని రావు కదా. 33 వేలు వచ్చాక యాప్‌కి 9,200, కిరాణాకి 3,800 కట్టేస్తే 20 వేలు మిగులుతుంది. బ్యాంకులో 6 వేలు కలిపితే 26. సీమంతానికీ బిడ్డ సామాన్లకీ కలిపి అందులోంచి 4 వేలు తీసుకోండి, అంతకు మించి వద్దు. 22 వేలు మీ పేరున వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లాలి, ఆస్పత్రి సంచిలో పెట్టమన్న 4 వేల నోట్లు దీంట్లోంచే. ఆ ఖాతాకి ఫోన్‌పే, గూగుల్ పే ఏదీ కలపొద్దు, కార్డు బీరువాలో పెట్టండి. వేలితో నొక్కితే పోయే డబ్బు నిధి కాదు. 22 వేలంటే నెలన్నర ఖర్చుకి కొంచెం తక్కువ, చాలదు, ఆరు నెలలకైతే 93 వేలుండాలి. భయపడకండి, అది రెండున్నర మూడేళ్ల పని. మిగతా 11 వాయిదాలూ కట్టి చీటీ పూర్తయిన నెల నుంచి అదే 2 వేలు అదే తారీఖున రికరింగ్ డిపాజిట్‌కి మళ్లించండి, పురుడు తర్వాత మీ కుట్టుపని మళ్లీ మొదలయ్యాక లాభంలో సగం కూడా అందులోకే.

ఇప్పుడు ఆస్పత్రి. కాన్పులు చేసే ప్రభుత్వ ఘోషాసుపత్రి ఉండగా 55 వేల గురించి ఎందుకు ఆలోచిస్తున్నారో నాకర్థం కాలేదు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రిలో కాన్పైనా ఆపరేషనైనా ఉచితం, మందులు, పరీక్షలు, రక్తం, అక్కడున్నన్నాళ్లూ భోజనం కూడా. బిడ్డకి ఏడాది లోపు జబ్బు చేస్తే ఆ వైద్యమూ ఉచితమే. ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. మంచాల రద్దీ ఉంటుంది, ఒక్కోసారి విసుక్కునే మాటలు పడాల్సి వస్తుంది, కాదనను. మొదటిది ఆపరేషన్ కాబట్టి ఇప్పుడే వెళ్లి పాత కాగితాలు చూపించి, ఎప్పుడు చేరాలో అడిగి రాయించుకోండి, ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. ఇంకో మాట, మీ ఆయన పే స్లిప్ తీసి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడండి. జీతంలో 0.75 శాతం, కోతలకి ముందు జీతం మీద కాబట్టి ఈయనకి 116 రూపాయలకి కొంచెం పైనే. కోత ఉంటే మీకూ పిల్లలకీ వైద్యం దాని కింద వస్తుంది, మీ మెయిల్‌లో దాని ఊసే లేదు. ఆరోగ్య బీమా పాలసీ ఇప్పుడు కొన్నా ఈ కాన్పుకి పనికిరాదు, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఏజెంటు ఏం చెప్పినా సరే.

అప్పుడు హారం దేనికి అంటే, ఈ ఏర్పాట్లన్నీ దాటి ఏదైనా అయి ప్రైవేటుకి పరుగెత్తాల్సి వస్తే దానికి. ఆదివారం రాత్రి ఏ బ్యాంకూ హారం తీసుకోదు కాబట్టి ఆ రాత్రి గడవడానికి నోట్లు, తెల్లవారాక హారం. సీమంతానికి పెట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఏడాదికోసారి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ, చివరికి వేలం నోటీసు వచ్చాక పరుగెత్తేవాళ్లు మీ వీధిలోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

అన్నట్టు, సీమంతం మన పెద్దవాళ్లు తొలిచూలుకే చేసేవారు. రెండో కాన్పుకి ఫంక్షన్ హాలు, స్టేజీ మీద పూల కుర్చీ ఎప్పుడు మొదలయ్యాయో గానీ అప్పు చేసి మరీ చేసుకోవాల్సిన ఆచారమైతే కాదు. ఇంటికి పదిహేనుమంది ముత్తైదువలని పిలిచి గాజులు తొడిగించుకోండి, మీ అమ్మగారు చలిమిడి తెస్తారు, పులిహోర మీరే కలపగలరు. ఎవరైనా ఏం తేవాలి అని అడిగితే మొహమాటపడకుండా పాత నూలు చీరలు తెమ్మనండి.

ఎందుకంటే మీ 15 వేల సామాన్ల లిస్టు చూసి నాకు నవ్వొచ్చింది. బేబీ బ్లాంకెట్ 1,200 అని రాశారు, అలాంటివే మీరు కుట్టి 350కి అమ్ముతున్నారు! నాలుగు మెత్తబడిన నూలు చీరలుంటే రెండు బొంతలు, ఒక ఊయల పరుపు, మిగిలిన ముక్కల్లో పొత్తిళ్ల గుడ్డలు వస్తాయి. ఇంట్లో తాతగారి పొందూరు ఖద్దరు పంచె పాతది ఉంటే ఇంకేం కావాలి, ఉతికీ ఉతికీ వెన్నలా అయిన ఆ గుడ్డ కంటే మెత్తటి లంగోటీ బజార్లో దొరకదు. వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో బాగా ఆరేశాక కుట్టండి, పసిబిడ్డ ఒంటికి తగిలేవాటికి పూసలూ అద్దాలూ వద్దు. చీర ఉయ్యాలే వేయండి, కాకపోతే కట్టే కొక్కెం గట్టిదో కాదో మీ ఆయనతో లాగి చూపించుకోండి. గుడ్డ చిలకలు బిడ్డ చేతికి అందనంత ఎత్తులో కట్టండి, పాపతో కలిసి చేస్తే దానికీ తమ్ముడో చెల్లెలో వస్తున్నారన్న సంబరం. స్ట్రోలర్ లిస్టులోంచి కొట్టేయండి, మీ వీధిలో నడిచే రోడ్డెక్కడుంది? కొనాల్సినవి దోమతెర, థర్మామీటరు, ఓ చిన్న టబ్బు. అంతే.

మీ కుట్టుపనిని తక్కువ చేయడం లేదు. ఫోటోలు చూశాను, అంచు పనితనం బాగుంది, 350 తక్కువ ధర. రెండు రోజుల పని, 130 రూపాయల సరుకు పెట్టినదాన్ని 450 కంటే తక్కువకి ఇవ్వొద్దు. కానీ కాన్పైన నాలుగైదు నెలలు మీరు మెషిన్ ముందు కూర్చోలేరు, అది తెలిసి కూడా 40 వేల మెషిన్ అప్పు మీద కొని, గుడ్డ కప్పి మూల పెట్టి వడ్డీ కడతారా? తర్వాత కావాలంటే డ్వాక్రా సంఘం ద్వారా స్త్రీనిధి అప్పు ఉంది, దర్జీ పనికి కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 5 శాతం వడ్డీకి లక్ష దాకా ఇస్తారు, అర్హత కనుక్కోండి. యాప్ మాత్రం కాదు.

మిగతా ప్రశ్నలకి పొట్టిగా. మీ బాబాయిగారబ్బాయి చెప్పిన పిల్లల పాలసీ వద్దు, ముందు మీ ఆయన పేరున బ్యాంకులో ప్రధానమంత్రి జీవనజ్యోతి, సురక్ష బీమా రెండూ పెట్టించండి, ఏడాదికి 436, 20, కలిపి 456 రూపాయలు. సుకన్య ఖాతా పాపకి పదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా తెరవొచ్చు, నిధి తయారయ్యాక చూద్దాం. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే మాతృవందన యోజనలో 6 వేలు వస్తుంది, అంగన్‌వాడీలో పేరు రాయించండి, కానీ ఖాతాలో పడేదాకా లెక్కలో వేసుకోవద్దు.

చీటీ పాట ఎంతకి తేలిందో, పే స్లిప్‌లో ఈఎస్‌ఐ ఉందో లేదో రాయండి. మెషిన్ గురించి మాత్రం ఉగాది వెళ్లాక రాయండి, ఆర్డర్లు రాసుకునే నోటు పుస్తకం ఫోటో కూడా పంపండి.